పక్కరౌతు ఎడమకన్ను

పోయిన వారం మనం హార్లన్‌ని గ్రేబుల్ ఊళ్లో, పెట్రోలు బంకు గోడకున్న ఫోను చెవికి ఆనించుకుని ఉండగా వదిలేశాం. జూలై మొదటి వారం అది. గుర్రాల మీద కోడెలతో పోటీపడే రోడియోవాళ్లకి ఆ వారం తిండీ నిద్రా ఉండవు. పది రోజుల్లో పన్నెండు ఊళ్లు, ఊరికీ ఊరికీ నడుమ బోలెడన్ని మైళ్లు. ఆ పొద్దున షెరిడన్‌లో మేనల్లుడు కర్టిస్ నాలుగున్నర సెకన్లలో కోడెను పడగొట్టి, దేశం మొత్తం జాబితాలో పదకొండో స్థానానికి ఎక్కాడు. మొదటి పదిహేను మందికీ డిసెంబరు ఫైనల్స్. ఆ మైదానంలోకి ఒక్కసారి గుర్రమెక్కి వెళ్లాలన్నది హార్లన్ ఇరవై రెండేళ్ల ఆశ. తాను పోటీపడే రోజుల్లో పదహారో స్థానంలో ఆగిపోయాడు. ఆ తరవాత మోకాలు పోయింది, పెళ్లాం పోయింది. ఇక ఆ మైదానానికి మిగిలిన దారి ఒక్కటే, మేనల్లుడికి పక్కరౌతుగా వెళ్లడం.

పక్కరౌతంటే ఎవడూ చూడని మనిషి. కోడె ద్వారంలోంచి దూకగానే దాని ఎడమపక్క పోటీదారు, కుడిపక్క పక్కరౌతు గుర్రాలు తోలుతారు. కోడె అటూ ఇటూ జరక్కుండా గీత గీసినట్టు పరిగెత్తించడం పక్కరౌతు పని. అప్పుడే పోటీదారు పరుగెత్తే గుర్రం మీంచి జారి కొమ్ములు అందుకోగలడు. సరిగ్గా జరిగితే చప్పట్లన్నీ పోటీదారుకి. జరక్కపోతే మట్టి కరిచేదీ పోటీదారే, తిట్లు మాత్రం పక్కరౌతుకి.

ఫోనులో పోటీల ఆఫీసు పిల్ల కాగితాలు తిప్పుతోంది. మూడేళ్లుగా కర్టిస్ పేరు నమోదు చేయించేది హార్లనే. ఒకే బండిలో తిరిగేవాళ్లంతా ఒక జట్టుగా పేర్లిస్తారు, అందరికీ ఒకే రోజు పోటీ పడాలని. ఎవడి పేరు ఏ జట్టులో ఉందో చూస్తే చాలు, ఎవడు ఎవడి బండిలో తిరుగుతున్నాడో తెలిసిపోతుంది.

"కర్టిస్ పేరు నిన్ననే ఇచ్చేశారండీ," అంది ఆ పిల్ల. "వచ్చే వారం నాంపా ఊళ్లో పోటీకి. ట్రెంట్ మాడక్స్ జట్టులో. నలుగురికీ శుక్రవారం పడింది."

"ఎవరిచ్చారు?"

"ఎవరో ఆవిడ ఫోన్ చేశారు. ఏం, పొరపాటా?"

"లేదమ్మా, మర్చిపోయాను," అని హార్లన్ ఫోను పెట్టేశాడు. ముసలాళ్లకి మతిమరుపు మంచి ముసుగు. ఇచ్చిన ఆవిడ ఎవరో అడగక్కర్లేకుండానే తెలుసు.

ఆవిడ రోడ్డవతల హోటల్లో కిటికీ పక్కన కూచుని గుడ్లు తింటోంది. కర్టిస్ భార్య రోండా. కొత్తగా వచ్చినప్పుడు గుర్రాల ట్రైలర్ వెనక్కి తిప్పడం చేతకాక ఏడ్చిన మనిషి, ఇప్పుడు పికప్ నడపడం, గుర్రాలకి దాణా కొలవడం, ఏ రోజు ఏ ఊళ్లో ఉండాలో లెక్క చూడడం అన్నీ తనే చేస్తోంది. ఎదురుగా కర్టిస్. ఆరడుగుల మూడంగుళాల మనిషి, మామయ్య లోపలికి రాగానే పళ్లెంలోకి తల దించాడు. దాంతో హార్లన్‌కి సగం విషయం తెలిసిపోయింది. వాడు చిన్నప్పుడు కంచె తెగ్గొట్టినా ఇలాగే తల దించేవాడు.

"మీకూ గుడ్లు చెప్పమంటారా మావయ్యా?" అంది రోండా. మామూలు రోజున మావయ్య, కోపమొస్తే వెర్రి మర్యాదతో హార్లన్‌గారు. ఇవాళ ఇంకా మావయ్యే.

"వద్దు. కడుపు నిండిపోయింది. నాంపాలో నాకెప్పుడు పడింది పోటీ?"

కర్టిస్ ఫోర్కు ఆగింది. రోండాది ఆగలేదు.

"ఇవాళ రాత్రి చెప్దామనుకున్నాం," అంది.

"ఫోనులో అమ్మాయి నీకన్నా మంచిది. పగలే చెప్పింది." హార్లన్ కుర్చీ లాక్కుని కూచున్నాడు. "ఏరా, నీకు నోరుందా, లేక అదికూడా మాడక్స్ జట్టులో ఇచ్చేశావా?"

"మావయ్యా..." అని కర్టిస్ మొదలుపెట్టి, ఆగి, కెచప్ సీసా మూత బిగించాడు. అప్పటికే బిగించి ఉంది అది.

"తను చెప్పడు, నేను చెప్తాను," అంది రోండా. "రెనోలో ఏమైంది? కోడె కుడికి జరిగిపోయింది. కర్టిస్ ఖాళీలోకి దూకి బోర్లా పడ్డాడు. మీరేమన్నారు, దొంగకోడె అన్నారు. ప్రెస్కాట్‌లో? అదీ జరిగింది. అది మైదానం తప్పన్నారు. ఇవాళ షెరిడన్‌లో కర్టిస్ చెయ్యి చాచి అందుకున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, కోడెకీ గుర్రానికీ మధ్య ఒక మనిషి పట్టేంత సందు ఉంది. కంచె దగ్గర నిలబడి నేను చూశాను. అర సెకను ఆలస్యంగా వస్తున్నారు మీరు. అందరూ చూస్తున్నారు. ఎవరూ మీ మొహం మీద అనరు, అంతే."

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. హార్లన్ కుర్చీ ముందుకి జరిపాడు. "ముప్పై ఏళ్లుగా గుర్రమెక్కుతున్నానమ్మా. నువ్వు పుట్టకముందు నుంచి."

"అదే నేను చెప్పేది."

కాఫీ పోయడానికి వచ్చిన ఓపల్ అనే ముసలామె ముగ్గురి మొహాలూ చూసి, "మళ్లీ వస్తాలే బంగారం," అని కెటిల్‌తో సహా వెనక్కి తిరిగింది. రోడియోవాళ్ల బల్లల దగ్గర ఎప్పుడు ఆగాలో ఎప్పుడు ఆగకూడదో ఆమెకి తెలుసు.

"సరే," అన్నాడు హార్లన్ చివరికి. "పొండి. వీణ్ణి పదేళ్లప్పుడు మా చెల్లెలు నా గడపలో వదిలి వెళ్లింది. కోడె కొమ్ము ఎలా పట్టుకోవాలో చక్రాల బండికి కొమ్ములు కట్టి నేర్పాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడు ఊరికొకడుంటాడు, మా ఇంట్లోనే ఉన్నాడనుకుంటా. మాడక్స్ బండిలో ఏసీ కూడా ఉంటుంది, సుఖంగా తిరగండి. డీకన్ మాత్రం నాతో ఉంటాడు."

డీకన్ కర్టిస్ ఎక్కే గుర్రం. ఎర్రటి గుర్రం, పద్నాలుగేళ్లది. కోడె ఎంత వేగంగా పోతే అంత వేగంగా పోతుంది, మనిషి జారేటప్పుడు ఒక్క అంగుళం పక్కకి జరగదు. అలాంటి గుర్రాన్ని ఎవరు ఎక్కి గెలిచినా బహుమతి సొమ్ములో పావు వంతు గుర్రం యజమానికీ పక్కరౌతుకీ పక్కన పెట్టడం ఈ వృత్తిలో ఆనవాయితీ. మూడేళ్లుగా ఆ పావు వంతు మీదే హార్లన్ బతుకుతున్నాడు. మాడక్స్‌కి కావలసింది కర్టిస్ కాదు, కర్టిస్ కింద ఉన్న గుర్రమని చిన్నపిల్లాడిక్కూడా తెలుసు.

రోండా సంచిలోంచి ఒక చిన్న కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ప్లాస్టిక్ తొడుగులో ఉంది, ఒక మూల కాఫీ మరక. వయోమింగ్ రాష్ట్రంలో గుర్రాన్ని జిల్లా దాటించాలంటే ముద్రల ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ఈ కార్డు చూపించాలి. గుర్రం రంగు, తొడ మీద కాల్చిన ముద్ర, యజమాని పేరు ఉంటాయి అందులో. ఆ కార్డు నాలుగేళ్లుగా హార్లన్ పికప్ అరలోనే ఉంటోంది.

"చదవండి హార్లన్‌గారూ," అంది.

చదవక్కర్లేదు. యజమాని: కర్టిస్ బీచమ్. రాయించింది తనే.

హార్లన్ పెళ్లాం కొలీన్ విడాకులకి వెళ్లిన ఏడాది అది. పొలంలో సగం, ట్రైలర్లో సగం అంటూ ఆవిడ లాయరు జాబితా రాస్తుంటే, డీకన్‌లో సగం ఎక్కడ కోస్తారోనని భయమేసి, ఇన్‌స్పెక్టరు దగ్గరికి మేనల్లుణ్ణి తీసుకెళ్లి గుర్రాన్ని వాడి పేర మార్పించాడు. తరవాత జడ్జి ముందు నిలబడి, బైబిల్ మీద చెయ్యేసి, ఆ గుర్రం నాది కాదు, నా మేనల్లుడిది అని ప్రమాణం చేశాడు. ఆ సాయంత్రం కర్టిస్‌కి బీరు పోయించి ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. తాను తీసిన గోతికి అన్నాళ్లూ తానే గడ్డి కప్పి కాపాడుకున్నాడన్నమాట.

"ఇప్పుడు నాదని అంటే," అంది రోండా, "నాలుగేళ్ల కిందట జడ్జికి అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి మీరు. కొలీన్‌కి తెలిస్తే సగం గుర్రంతో ఆగదు."

హార్లన్ కర్టిస్ వైపు తిరిగాడు. "నీకూ ఇదే మాటా?"

"పావు వంతు నీకే పంపుతాను మావయ్యా," అన్నాడు కర్టిస్, బల్లకి చెప్తున్నట్టు. "ఎక్కడ గెలిచినా. మాడక్స్ కూడా ఒప్పుకున్నాడు."

"నా గుర్రానికి నాకు భత్యం వేస్తారా? మాడక్స్ ఒప్పుకున్నాడా పాపం." హార్లన్ కార్డుని వెనక్కి తోశాడు. "నలుగురు రా. నలుగురు రోజుకి నాలుగుసార్లు ఎక్కుతారు వాణ్ణి. వాడి ముందుకాళ్లు ఎలా ఉన్నాయో నీకు తెలుసు, ప్రతి రాత్రీ ఐసు కట్టేది నువ్వే. సెప్టెంబరుకల్లా కుంటివాణ్ణి చేస్తారు. దానికీ పావు వంతు పంపుతావా?"

కర్టిస్ మొహం ఎర్రబడింది. టోపీ తీసుకుని లేచి, పికప్ వెనకున్న క్యాంపర్ గదిలో పడుకుంటానని చెప్పి బయటికి పోయాడు. సాయంత్రం ఆరింటికి కోడీ అనే ఊళ్లో పోటీ ఉంది. ప్రపంచం మునిగిపోయినా కోడెకి ఎదురెళ్లే ముందు ఒక గంట పడుకోవాలని వాడికి నేర్పింది కూడా హార్లనే.

పికప్ నడిపింది హార్లన్. రోండా తాళాలు అడిగింది గానీ ఆయన ఇవ్వలేదు. కార్డు మీద పేరు ఎవరిదైనా బండి ఇంకా నాదే అన్నాడు. వెనక ట్రైలర్లో డీకన్, హార్లన్ ఎక్కే టిన్నీ అనే ఆడగుర్రం ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఎండకి రోడ్డు మెరుస్తోంది. అటూ ఇటూ బూడిదరంగు పొదలు తప్ప మరేం లేవు. పదిహేను మైళ్లు అలాగే గడిచాయి.

ఎదర ఒక గడ్డి ట్రాక్టరు నింపాదిగా పోతోంది. దాన్ని దాటడానికి, అక్కడి పద్ధతిలో, హార్లన్ బండిని ఎడమకి తిప్పాడు.

"మావయ్యా," అని రోండా స్టీరింగు పట్టుకుని లాగింది.

వెనకనుంచి అప్పటికే దాటుతున్న లారీ హారన్ మోత పక్క కిటికీ మీదుగా దూసుకుపోయింది. అద్దం పక్కన రెండు జానల సందు కూడా లేదు. ట్రైలర్ ఊగింది, లోపల గుర్రాలు గిట్టలు కొట్టాయి. హార్లన్ రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

వెనక క్యాంపర్లోంచి కర్టిస్ గోడ మీద కొట్టాడు. "ఏం కాలేదు, పడుకో," అని అరిచింది రోండా. తరవాత గొంతు తగ్గించింది. "అద్దంలో చూశారు మీరు. నేను చూస్తున్నాను మిమ్మల్ని. చూసి కూడా తిప్పారు."

"పొరపాటు."

"తల మొత్తం తిప్పితేగాని మీకు ఎడమపక్క కనపడ్డం లేదు. మా నాన్న చివర్లో చూపు తగ్గి ఇలాగే కాఫీ కప్పు పక్కన పోసేవాడు. ఎన్నాళ్లయింది?"

అబద్ధం చెప్పడానికి హార్లన్ నోరు తెరిచాడు. రాలేదు. ఇన్నాళ్లూ మోసిన మూట దించడానికి దొరికిన మనిషి ఇదా అని తనమీద తనకే రోత కలిగింది.

"జనవరి నుంచి," అన్నాడు. "గడ్డిమోపు కట్టిన తీగ తెంచుతుంటే ఎగిరి ఎడమకంటికి తగిలింది. ముందు బాగానే ఉంది. తరవాత పొర కమ్మింది. ఇప్పుడు ఆ పక్కనంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటుంది."

పక్కరౌతుకి కోడె ఉండేది ఎడమపక్క. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రోండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూచుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి హార్లన్ ఆశ్చర్యపోయాడు. కోపమో జాలో తేల్చుకోలేకపోయాడు.

"మీకు ముసలితనం వచ్చిందనుకున్నాను," అందామె. "ముసలితనానికైతే అడ్డం పెట్టుకోడానికి ఒక మాట ఉంటుంది. ఇది తెలిసి చేశారు. ఆరు నెలలుగా గుడ్డికన్ను పక్కన నా మొగుణ్ణి దూకిస్తున్నారు."

"గుడ్డి కాదు. అలవాటు పడ్డాను. గిట్టల చప్పుడుతో తెలిసిపోతుంది."

"రెనోలో తెలిసిందా?"

హార్లన్ పక్క అద్దం సరిచేసుకున్నాడు.

"మీరే చెప్పండి కర్టిస్‌కి," అంది రోండా. "నేను చెప్తే మిమ్మల్ని వదిలించుకోవడానికి పుట్టించానంటాడు. గుర్రం సంగతిలో ఇప్పటికే నన్నొక రాక్షసిని చేశాడు మనసులో. కోడీలో మాడక్స్ మనిషి ఉన్నాడు, వాడు పక్కరౌతుగా వస్తాడు. మీరు కర్టిస్‌కి చెప్పండి, డీకన్‌ని రోజుకి రెండుసార్లకి మించి ఎక్కనివ్వకుండా నేను చూస్తాను. నా మాట నమ్మండి."

"ఇవాళ దిగిపోతే మళ్లీ ఎక్కేది ఎప్పుడమ్మా?"

"ఎక్కరు," అంది రోండా. ఆమెలో హార్లన్‌కి నచ్చే గుణం ఒకటుంటే అది ఇదే, పుండు మీద కారం చల్లినా వెన్న అని చెప్పదు.

"చెప్తాను," అన్నాడు, పికప్ మళ్లీ రోడ్డు మీదికి ఎక్కిస్తూ. ఆ క్షణాన నిజంగానే చెప్పాలనుకున్నాడు. అది మాత్రం ఆయన ఖాతాలో వెయ్యాలి మనం.

కోడీలో మైదానం వెనక దుమ్ము లేస్తోంది. మైకులో ఎవడో పాత జోకులే వేస్తున్నాడు, జనం కొత్తగా నవ్వుతున్నారు. కర్టిస్ ట్రైలర్ పక్కన డీకన్ కాళ్లకి పట్టీలు చుడుతున్నాడు. హార్లన్ వెళ్లి గుర్రం మెడ మీద చెయ్యేసి నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. మూడు ముక్కల మాట. నాకు కన్ను కనపడదురా, అంతే.

కర్టిస్ ముందు మాట్లాడాడు. "మాడక్స్ మనిషి వస్తానన్నాడు పక్కరౌతుగా. వద్దన్నాను." పట్టీ బిగించి మామయ్య మొహంలోకి మొదటిసారి చూశాడు. "ఇవాళ నువ్వే రా మావయ్యా. రెనోలో తప్పు కోడెదే. నాకు తెలుసు. రోండా ఏమన్నా నేను నమ్మను."

వాడికి తెలుసు తప్పు కోడెది కాదని. తెలిసే అంటున్నాడు. తనకి నేర్పిన మనిషికి పరువు దక్కించి పంపడానికి మెడ పణంగా పెడుతున్నాడు వాడు, ఆ మెడ ఎంత చవగ్గా పోతుందో తెలియక. ఇదిగో ఇప్పుడే చెప్పాలి, అనుకున్నాడు హార్లన్.

"ఇంకోటి కూడా నా నోటితోనే చెప్పాలి," అన్నాడు కర్టిస్. "రోండాకి కూడా తెలీదు. డీకన్‌ని మాడక్స్‌కి ఇచ్చేశాను. అద్దెకి కాదు, పూర్తిగా. నిన్న బేరం కుదిరి చేతులు కలిపాం. సోమవారం ఇన్‌స్పెక్టరు దగ్గర కార్డు మారుతుంది. నన్ను జట్టులో తీసుకోవడానికి అతను పెట్టిన షరతే అది."

డీకన్ తల తిప్పి హార్లన్ జేబులో యాపిల్ ముక్క కోసం వెతికింది. రోజూ ఈ వేళకి ఉంటుంది అక్కడ. ఇవాళా ఉంది. హార్లన్ తీసి పెట్టాడు, గుర్రం నమిలేదాకా ఆగాడు.

"చేతులు కలిపాక ఇక మాటేముంది," అన్నాడు. "పద, వేళయింది."

చెప్పాల్సిన మాట అలాగే మింగేశాడు. ఎందుకు మింగాడంటే ఏం చెప్పను? ఆశ కొంత, అవమానం కొంత. ఇంకో కొంత ఉంది, దాని పేరు హార్లన్ తనకి తాను కూడా చెప్పుకోలేదు.

టిన్నీ మీద కూచుని, కోడె ద్వారానికి కుడిపక్క గుర్రం నిలిచే కమ్మీల పెట్టెలోకి వెనక్కి నడిపించుకుంటూ వచ్చాడు. ద్వారానికి అవతల ఎడమ పెట్టెలో డీకన్ మీద కర్టిస్. కంచె దగ్గర రోండా నిలబడి ఉంది. రెండు చేతులా పైకమ్మీ పట్టుకుని ఆయన్నే చూస్తోంది. పెట్టెలో మాడక్స్ మనిషి బదులు ఆయన ఎందుకున్నాడో ఆమెకి అర్థం కావడం లేదు. చెప్పారా అని కళ్లతోనే అడిగింది.

హార్లన్ చెప్పానన్నట్టు తల ఊపాడు.

రోండా భుజాలు కిందికి దిగాయి. తెలిసి కూడా మామయ్యనే ఒప్పుకున్నాడన్నమాట మొగుడు, ఇద్దరూ కలిసి ఏదో ఏర్పాటు చేసుకునుంటారు అనుకుంది. కమ్మీ మీద పట్టు సడలించి, గడ్డం ఆనించుకుని నిలబడింది.

ద్వారంలో కోడె బుసకొట్టింది. పసుపు చారల కోడె, కొమ్ములు వెడల్పు. హార్లన్ తల పూర్తిగా ఎడమకి తిప్పి, మంచి కంటితో దాన్ని పట్టుకున్నాడు. పరిగెత్తేటప్పుడు ఇలా తల తిప్పి ఉంచడం కుదరదు. ఇవాళ పక్కకి జరిగితే అది కన్ను చేసిన తప్పో, మనసు చేసిన తప్పో లోకంలో ఎవడూ తేల్చలేడు. ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందోనని ఆయనకే ఒళ్లు జలదరించింది. చెయ్యెత్తి ఆపమనడానికి ఇంకా ఒక్క క్షణం ఉంది. కళ్లెం పట్టిన చెయ్యి ఒక అంగుళం లేచింది కూడా.

కర్టిస్ సిద్ధమన్నట్టు తల ఊపాడు. ద్వారం తెరుచుకుంది.

కోడె మూడు గంతులు సూటిగా వేసింది. నాలుగో గంతులో హార్లన్ ఎడమకంటి తెలుపులోకి పోయి కనిపించకుండా పోయింది. కర్టిస్ అప్పటికే జీను వదిలేశాడు.